కత్తెర పడిన పట్టీ

బీర్, హిమాచల్ ప్రదేశ్
జనవరి

అక్కకు వందనాలు.

ఈ ఉత్తరానికి ఒకటి రెండు రోజులు ముందో వెనకో నీకొక పార్సిల్ వస్తుంది. గోనెసంచిలో పెట్టి కుట్టి పంపాను. ఇంత బరువేమిటని పోస్టుమాను అడిగితే పరుపని చెప్పు.

అందులో ఉన్నది నా పారాచూట్. పట్టాళంలో నేను వాడినలాంటిది కాదు. అక్కడ విమానంలోనుంచి దూకేవాళ్ళం. వీపున ఒకటి, పొట్ట మీద ఇంకొకటి, ఇది విచ్చుకోకపోతే అది. ఇప్పుడు నేను కొండ అంచు నుంచి దూకుతున్నాను. బేస్ జంపింగ్ అంటారు. నేల దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండోదాన్ని విప్పే టైము ఉండదు. అందుకని ఒక్కటే. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. పారాగ్లైడింగ్ కంపెనీలో పారాచూట్లు మడతపెట్టే పని అని మాత్రమే చెప్పాను. అది నిజమే, ఆ పనీ చేస్తున్నాను.

కుడి తొడ పట్టీ ముళ్ళకంపకు తగులుకుని చిరిగింది. శ్రీ సిటీలో మీ కంపెనీ కార్ల సీటు బెల్టులు కుట్టేదే కదా, ఆ పెద్ద మిషను మీద నువ్వే కుట్టాలి. ఇక్కడ ఎవరి చేతి మీదా నాకు నమ్మకం లేదు. మిగతావేవీ కదపవద్దు. ముఖ్యంగా పిడి ఉన్న ఆ గుండ్రటి గుడ్డ. దాన్ని పైలట్ చూట్ అంటారు, నువ్వు చిన్న గొడుగు అనుకో. దూకినాక చేత్తో దాన్ని గాల్లోకి విసురుతాం. అది గాలి పట్టి పెద్దదాన్ని బయటికి లాగుతుంది. అంతా దాని మీదే.

ఫోన్ చేద్దామంటే మిషన్ల మోత నీ చెవులు తినేసింది. పట్టాళంలో ఉన్నప్పటిలాగా రాసుకోవడమే మనకు మంచిది. ఇక్కడ మంచు పడుతోంది, సీజన్ లేదు, మనుషులు లేరు. నా గది కింద ఒక కుక్క ఉంది. నేను తప్ప మాట్లాడేవాళ్ళు లేక దానికి తెలుగు వచ్చేసింది.

అమర్


సత్యవేడు
ఫిబ్రవరి

తమ్ముడు అమర్‌నాథ్‌కు, ప్రభువు కాపుదలలో ఉన్నావని తలుస్తూ అక్క రాసేది.

పరుపంట పరుపు! పోస్టుమాను మునిశేఖర్ సంచిని గుమ్మంలో దించి, చేత్తో నొక్కి చూసి, "ఏమక్కా, తంబి టెంటు పంపించినాడా? మీ ఇంట్లో సర్కస్ ఏమన్నా పెడతా ఉండారా?" అన్నాడు. అవునప్పా, కోతి ఒకటి హిమాచల్‌లో ఉండాది, అదొక్కటీ రావాల అన్నాను.

కొండ మీదనుంచి దూకుతున్నావా? ఎందుకురా? కింద ఎవరైనా పిలిచారా నిన్ను? సరే, దాని సంగతి తరువాత అడుగుతాను. ముందు ఇది చెప్పు.

నేను పట్టీలు కుట్టి బతికేదాన్ని. చిరిగిన పట్టీ అంచు పీచులు పీచులుగా లేస్తుంది, ఒక పోగు పొడుగు, ఒక పోగు పొట్టి. నువ్వు పంపిన దానికి అంచు గీత గీసినట్టుంది. అవతలి పక్కనుంచి ఒకసారి, ఇవతలి పక్కనుంచి ఒకసారి కత్తెర పడింది. రెండూ కలిసిన చోట చిన్న మెట్టు కూడా ఉంది. ముళ్ళకంపకు కత్తెర ఎవరిచ్చారు?

బకిలు బాగానే ఉంది. లేచి కూర్చోగలిగిన మనిషి బకిలు విప్పుకుంటాడు. మా సూపర్‌వైజర్ సంతోషమ్మ కొడుకు బండి మీదనుంచి పడినప్పుడు వాడి ప్యాంటు ఇట్లాగే కత్తిరించారు, కాలు కదపకూడదని. పట్టీ లోపలి పక్క మరక ఉంది. ఉతికావు. పోలేదు.

నిజం రాయి. రాసేదాకా నేను సూది పట్టను.

కృపామణి


బీర్
ఫిబ్రవరి

అక్కా,

నీకు కాకుండా ఇంకెవరికైనా పంపి ఉండాల్సింది.

పోయిన అక్టోబరులో జరిగింది. అంచు మీదనుంచి దూకేటప్పుడు రెండు భుజాలూ సమంగా ఉండాలి. ఒకటి కొంచెం వాలినా పారాచూట్ పక్కకు తిరిగి విచ్చుకుంటుంది. మాకు గాలి భయం కాదు, ఎత్తు భయం కాదు, కొండే భయం. నా ఎడమ భుజం వాలింది. పారాచూట్ కొండవైపుకే తిరిగి విచ్చుకుంది. ఎదురుగా ఆకాశం ఉండాల్సిన చోట రాయి ఉంది.

అప్పుడు చెయ్యాల్సింది ఒకటే, భుజాల వెనక ఉండే పట్టీలను లాగి తిప్పేయడం. లాగాను. సగం తిరిగింది. ఆ సగంలో రాయికి కాలు అడ్డం పెట్టాను. పెట్టకూడదు. ఎంత నేర్చుకున్నా రాయి మీదికొస్తే మనిషి కాలే పెడతాడు. కుడి మడమ ముక్కలైంది. ఆ తరువాత కింద గుండ్రాళ్ళ మీద కూర్చున్నట్టుగా పడ్డాను, నడుములో ఒక పూస నలిగింది. నాతో దూకే రూపేష్ అనే అబ్బాయి కిందికి దిగి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. పట్టీ కత్తిరించింది అతనే.

డిసెంబరు చివరిదాకా చండీగఢ్ ఆసుపత్రిలోనే ఉన్నాను. క్రిస్మస్ కార్డులో ఇక్కడ చలి బాగుందని రాశాను చూడు, అది ఆ మంచం మీదనుంచే రాశాను.

చెప్తే నువ్వు రైలెక్కేస్తావు. భాష రాదు, చెవులు వినపడవు, ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో ఊరగాయ జాడీ పట్టుకుని ఆ వరండాలో నిలబడతావు. అది నేను చూడలేను. అందుకే చెప్పలేదు.

ఇప్పుడు నడుస్తున్నాను. కుంటుతున్నాను, కానీ నడుస్తున్నాను. పట్టీ కుట్టి పంపు.

అమర్


సత్యవేడు
మార్చి

అమరూ,

ఆ కార్డు నేను చర్చిలో అందరికీ చూపించాను. మంచుకొండల బొమ్మ ఉందని చేతులు మారి మారి అంచులు నలిగాయి. "నీ తమ్ముడు గొప్పోడే, యాడికో పోయినాడు" అంటే పొంగిపోయి తల ఊపాను. ఆ పొద్దు నువ్వు కదలలేక పడున్నావు. నేను కేకు ముక్క తింటూ తల ఊపుతున్నాను. ఎంత సిగ్గుగా ఉందో తెలుసా నాకు?

చూడలేనన్నావే. నేను చూడగలిగేదాన్నిరా. అమ్మ పోయినప్పుడు నీకు నేనున్నాను, నాకు నువ్వున్నావు అని చెప్పింది నువ్వే, నిక్కరు జేబులో చేతులు పెట్టుకుని పెద్దమనిషిలాగా. మీ బావ గుమ్మిడిపూండిలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు, పోనీ. వాడు పోయినా పెద్దగా ఏడవలేదు, నా తమ్ముడున్నాడులే అనుకున్నాను. ఇప్పుడు ఇంట్లో నాతో మాట్లాడేది టీవీ ఒకటే, అదీ కింద అక్షరాలు వస్తేనే.

నీ సంచిని బీరువాలో పెట్టి తాళం వేశాను. కుట్టను. పంపను. ఇంటికి రా. కుంటుకుంటూ అయినా రా. శ్రీ సిటీలో గేటు దగ్గర కూర్చునే ఉద్యోగాలు బోలెడున్నాయి, పట్టాళంలో చేసినవాళ్ళంటే వెంటనే తీసుకుంటారు. నీకు దూకడమే కావాలంటే గేటు దూకు.

అక్క


బీర్
ఏప్రిల్

అక్కా,

గేటు దగ్గర కూర్చోను. నిజం రాయమన్నావు కాబట్టి ఇప్పుడు అంతా నిజమే రాస్తాను.

డాక్టరు వద్దన్నాడు. ఇదే కాలి మీద ఇంకోసారి పడితే మడమ కీలు బిగించేయాల్సిందే, ఇక పాదం వంగదు అన్నాడు. నడుము పూస సంగతి చెప్పడానికి ఇంకో కాగితం మీద బొమ్మ గీశాడు. ఆ బొమ్మ నేను తెచ్చుకోలేదు.

అయినా దూకుతాను. ఎందుకని అడిగావు. పట్టాళం నుంచి బయటికొచ్చినాక నన్ను వరుసలో నిలబెట్టి ఎవరూ పేరు పిలవలేదు. పొద్దున లేస్తే లేచినట్టు, లేవకపోతే లేవనట్టు. అంచు మీద నిలబడితే అట్లా ఉండదు. ఒళ్ళంతా నాది అవుతుంది. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

ఊరికే దూకను. బూట్లు కొత్తవి తెప్పించాను, చీలమండ కదలకుండా పట్టేవి. మోకాళ్ళకు గట్టి చిప్పలు. రోజూ గోడ మీదనుంచి గడ్డి మీదికి దూకి భుజాలు సమంగా ఉన్నాయా లేదా అని రూపేష్‌తో ఫోనులో వీడియో తీయించుకుంటున్నాను. మే చివర్లో వానలకు ముందు ఒకసారి వీలవుతుంది.

పారాచూట్ నాది. పంపు. కుట్టకుండా పంపినా సరే. ఇక్కడ బజారులో గుర్రాల జీన్లు కుట్టే ముసలాయన ఉన్నాడు, ఆయనతో కుట్టిస్తాను. అది నా బరువు పట్టుకుంటుందో లేదో తెలియదు. నీ కుట్టు పట్టుకుంటుందని తెలుసు. దూకేది ఎటూ దూకుతాను. ఎవరి కుట్టు మీద దూకాలో నువ్వు చెప్పు.

అమర్


సత్యవేడు
మే

చిరంజీవి అమరూ,

నువ్వు గెలిచావు. కుట్టేశాను. ఈ ఉత్తరం వెనకనే సంచి వస్తుంది.

అతుకు వేయలేదు. పాత పట్టీ మొత్తం విప్పేసి, అదే వెడల్పు, అదే మందం కొత్తది వేశాను. డబ్బా కుట్టు వేసి లోపల అడ్డంగా రెండు గీతలు, కొసలు ఊడకుండా బార్టాక్ అనే దట్టమైన కుట్టు. సంతోషమ్మ భోజనం టైములో మిషను ఇచ్చింది. "ఏందే ఇది, ఏనుగును కట్టేదానికా?" అంది. మా తమ్ముణ్ణి కట్టేదానికి అన్నాను. కుట్టినాక ఒక కొస కొక్కేనికి తగిలించి ఇంకో కొస ఆడపిల్లలందరం పట్టుకుని లాగాం. చేతులు జారి అందరం ఒకరి మీద ఒకరు పడ్డాం. కుట్టు కదల్లేదు. చాలా రోజుల తరువాత నవ్వాను.

ఆదివారం చర్చికి కూడా తీసుకెళ్ళాను. కొత్త బండి కొన్నా, కొత్త మిషను తెచ్చుకున్నా మన సంఘంలో ప్రార్థన నూనె రాయిస్తాం కదా, నా తమ్ముడి పారాచూట్‌కు రాయించకపోతే ఎట్లా? పాస్టరయ్య కళ్ళు మూసుకుని నీ పేరు చెప్పి చాలాసేపు ప్రార్థించాడు. అంతా చిన్న గొడుగు మీదే అన్నావు కదా. అందుకని దానికే బాగా రాశాం, మడతలన్నిట్లో. పిడికి కూడా.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. కంపెనీ బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. వేళకు తిను.

నీ అక్క


బీర్
జూన్

అక్కా,

సంచి విప్పాను. చిన్న గొడుగు ముద్దగా అతుక్కుపోయింది. దారి పొడుగునా దుమ్మంతా దానికే పట్టింది. గాల్లోకి విసిరి చూశాను, తడిగుడ్డ పడ్డట్టు కాళ్ళ దగ్గర పడింది. పిడి చేతిలో నిలవడం లేదు. ఉతికితే గుడ్డ మీద ఉండే పూత పోతుంది, గాలి పట్టదు. కొత్తది బయటి దేశం నుంచి రావాలి. ఈలోపల వానలు వచ్చేశాయి.

మొదట నవ్వొచ్చింది, పిచ్చిది, దేవుడికి అప్పజెప్పింది అని. పట్టీ చూశాను. అంత మంచి కుట్టు నేను పట్టాళంలో కూడా చూడలేదు. అది చూస్తూ ఉంటే అనుమానం వచ్చింది.

తలకు నూనె రాసుకుని వచ్చిన పిల్లను నువ్వు మిషను దగ్గరికి రానివ్వవు. ఎవరిదో పెళ్ళి జాకెట్టును నేను మురుకు తిన్న చేత్తో ముట్టుకుంటే వీపు పగలగొట్టావు. నూనె చుక్క పడితే ఆ గుడ్డ చచ్చినట్టే అని నాకు చెప్పింది నువ్వు. అట్లాంటి నువ్వు నైలాన్ గుడ్డకు మడతలన్నిట్లో నూనె రాశావా?

ఒక్క మాట రాయి. తెలిసి రాశావా, తెలియక రాశావా?

అమర్


సత్యవేడు
జూన్

తెలుసురా. తెలిసే రాసినాను.

పాస్టరయ్య మీద వేయను. ఆయన వేలితో బొట్టంత పెట్టాడు, అదీ పట్టీ మీద. మిగిలిన సీసా ఇంటికి తెచ్చి నేనే పోశాను. కూర్చుని ఒక్కొక్క మడతా తీసి రాశాను. దేవుడి నూనెతో ఆ పని చేసినందుకు ఆ దేవుడు నన్ను ఏమంటాడో, ఆయనా నేనూ చూసుకుంటాం.

ముందు కత్తెరే తీసుకున్నాను. నేను కుట్టిన పట్టీ మీద పెట్టాను కూడా. నా చేతి కుట్టును నేను కోయలేకపోయాను. ఆ జీన్లు కుట్టే ముసలాయన పేరు చెప్పి నన్ను బెదిరించావు కదా. కుట్టకపోతే చస్తావేమోనని కుట్టాను. కుట్టినందుకు చస్తావేమోనని నూనె పోశాను. ఇంకేం చెయ్యమంటావు నన్ను? నాకు ఇంకో తమ్ముడున్నాడా?

తిట్టు. ఎంతయినా తిట్టు. రెండు కాళ్ళ మీద నిలబడిన మనిషి తిడితే నేను పడతాను.

కృపామణి


సత్యవేడు
ఆగస్టు

అమరూ,

ఉత్తరం లేదు. కోపం తగ్గలేదని అర్థమైంది. ఇంటర్నెట్టు వచ్చే ఫోను కొనుక్కోమని సంతోషమ్మ అంటుంది. కొనుక్కున్నా నువ్వు మాట్లాడాలి కదా.

మునిశేఖర్ ఇదివరకు గుమ్మం దాకా వచ్చేవాడు. ఇప్పుడు వీధి మొగదలలోనే సైకిల్ ఆపి చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోతున్నాడు, లేదని. నేను అడగకుండానే చెప్పేస్తే నాకు బాధ తక్కువని వాడి ఉద్దేశం.

కుక్క బాగుందా?

అక్క


సత్యవేడు
సెప్టెంబరు

అమరూ, ఒక కార్డు ముక్క పడేయి. చలి బాగుందని రాసినా చాలు.


బీర్
నవంబరు

అక్కా,

దూకాను. అక్టోబరు చివర్లో, వానలు ఆగి గాలి స్థిరపడినాక.

బయటి దేశం నుంచి రావాల్సిన కొత్త గొడుగు ఇంకా రాలేదు, రూపేష్ పారాచూట్ తీసుకున్నాను. వాడు నాకంటే లావు. తొడ పట్టీలు ఎంత బిగించినా ఇంకా వదులుగానే ఉన్నాయి. అంచు మీద నిలబడి భుజాలు సమంగా పెట్టాను, అడుగు వేశాను, గొడుగు విసిరాను. నేరుగా విచ్చుకుంది. ఎదురుగా ఆకాశమే ఉంది. పాదాలు జోడించి, మోకాళ్ళు కొంచెం వంచి, పట్టాళంలో నేర్పినట్టు పక్కకు దొర్లాను. మడమలో నొప్పి తల దాకా పాకింది. కానీ లేచి నిలబడ్డాను.

రూపేష్ పైనే ఉన్నాడు, దారి పట్టి దిగి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. కింద ఒక గొర్రెల కాపరి ఉన్నాడు. నన్ను చూసి, గొర్రెలను లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు. బతికానని ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి నీ నంబరు దాకా వెళ్ళాను. నీకు వినపడదు. వినపడినా ఏం చెప్పాలి?

ఇంతకుముందు దూకినప్పుడు నీకు తెలియదు, అందుకని నాకేమీ అనిపించేది కాదు. ఈసారి నీకు తెలుసు. అంత తెలిసినదానివి, ఈ రోజే అని మాత్రం నీకు తెలియదు. ఆ గుండ్రాళ్ళ మీద కూర్చుని ఏడ్చానక్కా. కాలు విరిగినప్పుడు కూడా అంత ఒంటరిగా లేను.

నీ కుట్టు మీద దూకి ఉంటే నీకు చెప్పి దూకేవాణ్ణి. ఏ రోజో, ఏ పూటో రాసేవాణ్ణి. నువ్వు నన్ను ఆపలేదు, ఆ ఉత్తరాన్ని ఆపావు.

మానేస్తానని అబద్ధం రాయను. వచ్చే వేసవిలో మళ్ళీ దూకుతాను.

అమర్


సత్యవేడు
డిసెంబరు

అమరూ,

మునిశేఖర్ ఈసారి చెయ్యి ఊపలేదు. వీధి మొగదలనుంచే "వచ్చింది, వచ్చింది" అని అరుస్తూ వచ్చాడట. నాకు వినపడలేదు, పక్కింటివాళ్ళు చెప్పారు. గుమ్మంలో నిలబడే చదివాను. "బాగుండాడా?" అని అడిగాడు. బాగుండాడు అని చెప్పి లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

అక్టోబరు చివర్లో అని రాశావు. ఏ రోజని రాయలేదు. క్యాలెండరు తీసి ఆ రోజులన్నీ ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకున్నాను. ఒక రోజు సంతోషమ్మ మనవరాలి పుట్టినరోజు, బిరియాని తిన్నాను. ఒక రోజు బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోయాను. ఒక రోజు జాకెట్టు కొలతలు తప్పాయని ఎవరితోనో పోట్లాడాను. నువ్వు ఆ అంచు మీద నిలబడింది వాటిలో ఏ రోజురా? నేను తింటున్నప్పుడా, నిద్రపోతున్నప్పుడా?

నేను చేసింది తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలియదు. మళ్ళీ మాత్రం చెయ్యను. పాడైపోయిన ఆ గొడుగు నాకు పంపు. కుట్లు విప్పి, కొలతలు తీసుకుని కొత్తది కుడతాను. గుడ్డ ఏ రకమో, ఎక్కడ దొరుకుతుందో రాయి. చెన్నై వెళ్ళయినా తెస్తాను. లావు మనిషి పట్టీలు కట్టుకుని నువ్వు దూకవద్దు, నీ పట్టీ నీకుంది.

ఒక్కటి మాత్రం నాకియ్యి. దూకే రోజు ముందుగా రాయి. వద్దని రాయను, ఏడ్చి రాయను, ప్రమాణం. జూన్ నుంచి ఈ ఉత్తరం వచ్చేదాకా నువ్వు నాకు ప్రతి రోజూ దూకావురా. మునిశేఖర్ చెయ్యి ఊపినప్పుడల్లా పడ్డావు. అన్ని రోజులు నేను మోయలేను. రోజు చెప్తే కంపెనీకి సెలవు పెట్టుకుని, ఆ ఒక్క రోజూ కూర్చుని భయపడతాను. మిగిలిన రోజులు అన్నం తింటాను.

నీ అక్క
కృపామణి